కామకురా రాయి, కొలంబో పొగ

(జిల్లా కేంద్రంలోని ఒక గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం దగ్గరకు జరుపుకుంటాను. వెనక వరుసలో కూర్చున్న పెద్దలకు కూడా వినిపించాలి కదా.

జనాన్ని చీల్చే నాయకుడి వల్ల బయటి దేశాల్లో తన దేశం పరువు ఏమవుతుందో చెప్పమని నిర్వాహకులు అడిగారు. నేను ఒక షరతు పెట్టాను. ఇప్పుడు కుర్చీలో ఉన్నవాళ్ళ గురించి మాట్లాడను అన్నాను. ఎందుకంటే పేరు ఎత్తగానే ఈ హాలు రెండు ముక్కలవుతుంది. సగం మంది చప్పట్లు కొడతారు, సగం మంది చెప్పుల కోసం వెతుక్కుంటారు. (నవ్వులు) పైగా కుర్చీలో ఉన్నవాడి ఖాతా ఇంకా నడుస్తూనే ఉంటుంది, లెక్క తేలదు. అందుకని లెక్క తేలిపోయిన మనిషిని ఒకరిని ఎంచుకున్నాను. మన పక్కింటివాడే. పేరు జూనియస్ రిచర్డ్ జయవర్ధనే, శ్రీలంక మాజీ అధ్యక్షుడు. వాళ్ళ దేశంలో అందరూ 'జేఆర్' అంటారు. 1906లో పుట్టి 1996లో పోయారు.

ఆయన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. దేశం పేరు చెడగొట్టిన నాయకులు చరిత్రలో కావలసినంత మంది దొరుకుతారు. తన దేశానికి గొప్ప పేరు తెచ్చి, ముప్పై ఏళ్ళ తర్వాత ఆ పేరును తన హయాంలోనే కాలిపోనిచ్చిన మనిషి మాత్రం అరుదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన ముందు రచ్చ గెలిచారు. ఓడింది ఇంట్లో. ఆ తర్వాత రచ్చ కూడా నిలవలేదు.

జపాన్‌లో కామకురా అనే ఊరు ఉంది. అక్కడ ఆరుబయట కూర్చున్న పెద్ద కంచు బుద్ధుడి ఫొటో మీరు చూసే ఉంటారు. ఆ ఆవరణలోనే ఒక రాతి ఫలకం ఉంది. జయవర్ధనే స్మారకంగా 1991లో జపాన్‌వాళ్ళు పెట్టుకున్నది. ఒక చిన్న ద్వీపపు రాజకీయ నాయకుడికి జపాన్‌లో, అదీ బుద్ధుడి పక్కన, రాయి ఎందుకు వేశారు?

దానికి 1951 సెప్టెంబర్‌కు వెళ్ళాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో జపాన్‌తో శాంతి ఒప్పందం మీద సమావేశం జరుగుతోంది. యుద్ధంలో జపాన్ చేతిలో దెబ్బతిన్న దేశాలన్నిటికీ కోపం ఉంది, న్యాయమైన కోపమే. నష్టపరిహారం అడిగేవాళ్ళు ఉన్నారు. సిలోన్‌కు (అప్పట్లో శ్రీలంక పేరు అదే) కూడా అడిగే హక్కు ఉంది. 1942 ఏప్రిల్ 5న, ఈస్టర్ ఆదివారం నాడు, కొలంబో మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. 9న ట్రింకోమలీ మీద వేశాయి. మధ్యలో 6వ తేదీన ఎక్కడ పడ్డాయో మీలో పెద్దవాళ్ళకు తెలుసు: మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద. ఒకే దండయాత్ర అది.

అలాంటి దేశం తరఫున ఆర్థిక మంత్రిగా ఉన్న జయవర్ధనే లేచి, మాకు పరిహారం వద్దు అన్నారు. ధమ్మపదంలోని మాట చెప్పారు. 'న హి వేరేన వేరాని సమ్మంతీధ కుదాచనం.' వైరం వైరంతో ఎన్నటికీ చల్లారదు, అవైరంతోనే చల్లారుతుంది. ఓడిపోయి తల దించుకుని కూర్చున్న జపాన్ ఆ మాట మరిచిపోలేదు. తర్వాత డబ్బు వచ్చాక కూడా గుర్తుపెట్టుకుంది. శ్రీలంక జాతీయ టెలివిజన్ కేంద్రం జపాన్ ఇచ్చిన కానుక. కోట్టెలో పెద్ద ఆసుపత్రి జపాన్ కట్టించినది. ఒక్క ఉపన్యాసానికి ఇంత ప్రతిఫలం వచ్చిన సందర్భం నాకు ఇంకొకటి తెలియదు. నా ఉపన్యాసాలకు మహా అయితే ఒక శాలువా వస్తుంది. (నవ్వులు)

ఆ ఒక్క ఉపన్యాసమే కాదు, ఆ రోజుల్లో సిలోన్ అంటేనే గౌరవం ఉండేది. సిలోన్ స్వాతంత్ర్యం 1948లో రక్తపాతం లేకుండా వచ్చింది. సార్వత్రిక ఓటు హక్కు మనకంటే ఇరవై ఏళ్ళ ముందు, 1931లోనే వచ్చింది. ఆసియా దేశాలకు సాయం చేసే పథకానికి 'కొలంబో ప్లాన్' అని పేరు. 1962లో మనకూ చైనాకూ యుద్ధం జరిగితే రాజీ కుదర్చడానికి ఆరు అలీన దేశాలను డిసెంబర్‌లో కొలంబోలో కూర్చోబెట్టింది అప్పటి ప్రధాని సిరిమావో బండారనాయకే. కోటి మంది జనాభా ఉన్న దేశం, 45 కోట్ల దేశానికీ 65 కోట్ల దేశానికీ మధ్య పెద్దమనిషిగా కూర్చుంది! 1976లో అలీనోద్యమ శిఖరాగ్ర సభ కొలంబోలోనే జరిగింది, 80కి పైగా దేశాలు వచ్చాయి. ఆ పరపతి వెనక సైన్యం లేదు, చమురు లేదు. ఎవరితోనూ శత్రుత్వం లేని, చదువుకున్న, మాట మర్యాద ఉన్న దేశం అన్న పేరొక్కటే ఉంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది అంటారు చూశారా, అది.

ఇంట్లో పరిస్థితి వేరు.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే పౌరసత్వ చట్టం చేసి, తేయాకు తోటల్లో పనిచేసే భారత సంతతి తమిళులను దేశం లేనివాళ్ళుగా చేశారు. 1956లో ఎస్.డబ్ల్యు.ఆర్.డి. బండారనాయకే 'సింహళం మాత్రమే' అధికార భాష అన్న నినాదంతో ఎన్నికలు గెలిచి, ఆ ఏడాదే చట్టం చేశారు. వామపక్ష నాయకుడు కొల్విన్ ఆర్. డి సిల్వా అప్పుడు పార్లమెంటులో చేసిన హెచ్చరిక ప్రసిద్ధం: రెండు భాషలైతే ఒక దేశం, ఒకే భాష అయితే రెండు దేశాలు. భాష కోసం ఉపవాసాలు చేసి రాష్ట్రాలు తెచ్చుకున్న మనకు ఆ మాట విడమరిచి చెప్పనక్కరలేదు.

బండారనాయకేకు మరుసటి ఏడాదికే భయం పట్టింది. 1957 జులైలో తమిళ నాయకుడు చెల్వనాయకంతో ఒప్పందం చేసుకున్నారు. తమిళానికి కొంత చోటు, ప్రాంతీయ మండళ్ళు ఇస్తామన్నారు. అప్పుడు ఆ ఒప్పందానికి వ్యతిరేకంగా కొలంబో నుంచి కాండీలో బుద్ధుడి దంతం ఉన్న ఆలయానికి పాదయాత్ర కట్టింది ఎవరు? మన ధమ్మపదం పెద్దమనిషే. శాన్‌ఫ్రాన్సిస్కో జరిగి అప్పటికి ఆరేళ్ళు. ప్రతిపక్షంలో ఉన్నారు, ఓట్లు కావాలి. ఇంబుల్‌గొడ దగ్గర ఆ యాత్రను అడ్డుకున్నారు కానీ, పని మాత్రం జరిగిపోయింది. బౌద్ధ భిక్షువులు ప్రధాని ఇంటి ముందు బైఠాయించారు, 1958 ఏప్రిల్‌లో బండారనాయకే ఒప్పందాన్ని రద్దు చేశారు. మే నెలలో అల్లర్లు. 1959లో ఆయన్ను కాల్చి చంపింది ఒక భిక్షువు. ఎవరిని చూసి గెలిచారో వాళ్ళ గుంపులోంచే తూటా వచ్చింది.

జయవర్ధనే పుట్టుకతో మతోన్మాది కాడు. ఆ మాట గట్టిగా చెప్పాలి. ఇంగ్లీషు చదువు, న్యాయవాదుల కుటుంబం, అమెరికా అంటే ఇష్టం. 'యాంకీ డిక్కీ' అని ఎగతాళి చేసేవారు. 1944లో శాసనసభలో సింహళాన్ని అధికార భాష చేయాలని తీర్మానం పెట్టింది ఆయనే అయినా, తమిళాన్ని కూడా చేర్చాలన్న సవరణకు ఒప్పుకున్నారు. అంటే ఆయనకు తెలుసు. తెలిసి చేసేవాడితోనే చిక్కు. నమ్మి చేసేవాడు ఏదో ఒక రోజు మనసు మార్చుకోవచ్చు. లెక్క వేసుకుని చేసేవాడు లెక్క తప్పేదాకా ఆగడు.

1977లో ఆయన పార్టీ 168 స్థానాల్లో 140 గెలిచింది. ఆరింట ఐదు వంతులు. ఆయన రాజ్యాంగం మార్చి కార్యనిర్వాహక అధ్యక్షుడయ్యారు. ఆడదాన్ని మగవాడిగా, మగవాణ్ణి ఆడదానిగా మార్చడం తప్ప ఈ పదవితో ఏమైనా చేయవచ్చు అన్నారని చెబుతారు. అన్నారో లేదో కానీ, ప్రవర్తన అలాగే ఉంది. సిరిమావో పౌరహక్కులు తీసేయించారు. 1982 చివరలో ఎన్నికలే లేకుండా, రిఫరెండంతో, పార్లమెంటు కాలాన్ని ఇంకో ఆరేళ్ళు పొడిగించుకున్నారు. 1981లో ఉత్తరాన తమిళుల నగరమైన జాఫ్నాలో గ్రంథాలయం తగలబడింది. సుమారు 97 వేల పుస్తకాలు, వాటిలో తాళపత్రాలు, బూడిదయ్యాయి. గ్రంథాలయంలో నిలబడి ఈ సంగతి చెప్పడం నాకు కష్టంగా ఉంది. తగలబెట్టినవాళ్ళలో దక్షిణం నుంచి ఎన్నికల బందోబస్తుకు వచ్చిన పోలీసులు ఉన్నారు.

ఇంత జరుగుతున్నా బయట పరువు తగ్గిందా? లేదు. పెరిగింది! ఇది మనం ఒప్పుకోవలసిన చేదు నిజం. దక్షిణాసియాలో మొదట తలుపులు తెరిచిన ఆర్థిక వ్యవస్థ ఆయనది. పాశ్చాత్య దేశాలు మెచ్చుకున్నాయి. బ్రిటన్ విక్టోరియా ఆనకట్టకు డబ్బు ఇచ్చింది. ఫాక్‌లాండ్స్ దీవుల కోసం బ్రిటన్, అర్జెంటీనా పడిన తగవులో ఐక్యరాజ్యసమితిలో బ్రిటన్ వైపు ఓటేసిన పన్నెండు దేశాల్లో శ్రీలంక ఒకటి. జనాన్ని చీల్చే నాయకుణ్ణి బయటివాళ్ళు మొదట్లో అసహ్యించుకుంటారని అనుకోవడం మన అమాయకత్వం. వాళ్ళ పని జరుగుతున్నంత కాలం వాళ్ళు ఇంటి లోపలికి తొంగిచూడరు. దాన్ని చూసి నాయకుడు, ఇంట్లో మాట ఇంట్లోనే ఉంటుంది అనుకుంటాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడం అదే.

1983 జులై 11న లండన్ పత్రిక 'డైలీ టెలిగ్రాఫ్'లో ఆయన ఇంటర్వ్యూ వచ్చింది. జాఫ్నా ప్రజల అభిప్రాయం గురించి తనకిప్పుడు చింత లేదన్నారు. ఉత్తరాన ఎంత ఒత్తిడి పెడితే ఇక్కడ సింహళ ప్రజలు అంత సంతోషిస్తారన్నారు. తమిళులను ఆకలికి మాడ్చినా సింహళీయులు సంతోషిస్తారన్న మాట కూడా అందులో ఉంది. ఈ మాటలు అన్నది దేశాధ్యక్షుడు, అన్నది విదేశీ పత్రికతో.

పన్నెండు రోజులకు, జులై 23న, జాఫ్నా దగ్గర తిరునెల్వేలిలో పులుల (ప్రత్యేక తమిళ దేశం కోసం ఆయుధం పట్టిన ఎల్.టి.టి.ఇ.) దాడిలో 13 మంది సైనికులు చనిపోయారు. 24 రాత్రి కొలంబో కనత్త శ్మశానం దగ్గర మొదలైన అల్లరి నగరమంతా పాకింది. గుంపుల చేతుల్లో ఓటర్ల జాబితాలు ఉన్నాయి. ఏ ఇంట్లో తమిళులు ఉన్నారో చూసుకుని మరీ తగలబెట్టారు. వెలిక్కడ జైల్లో రెండు విడతలుగా 53 మంది తమిళ ఖైదీలను చంపారు. ప్రభుత్వం లెక్క ప్రకారం మొత్తం మృతులు 400 లోపు, ఇతరుల అంచనాలు 3,000 దాకా వెళ్తాయి. దేశమంతా నాయకుడి గొంతు కోసం ఎదురుచూస్తుంటే, ఆయన టెలివిజన్‌లో, అదే జపాన్ ఇచ్చిన టెలివిజన్‌లో, కనిపించింది 28న. చనిపోయినవాళ్ళ గురించి ఒక్క సానుభూతి మాట లేదు. సింహళ ప్రజల ఆవేదన గురించి చెప్పి, వేర్పాటువాదాన్ని నిషేధించే చట్టం తెస్తానన్నారు. ఆ ప్రసంగం చదివిన ప్రతిసారీ నాకు కామకురా రాయి గుర్తొస్తుంది.

ఆ రోజుల్లో జరిగిన ఒక పని మీద చరిత్రకారులు అంతగా నిలబడరు. నేను నిలబడతాను. కొలంబోలో బతికి బయటపడ్డ తమిళులను శిబిరాల నుంచి ఓడలెక్కించి జాఫ్నాకు పంపింది ప్రభుత్వం. దేశం ఒక్కటే, విడగొడితే ఊరుకోం అంటున్న ప్రభుత్వమే, తన పౌరులకు రాజధానిలో రక్షణ ఇవ్వలేక, 'మీ చోటికి' వెళ్ళండి అని పడవ ఎక్కించింది. వేర్పాటువాదులు పటం మీద గీయాలనుకున్న గీతను ప్రభుత్వమే సముద్రం మీద గీసింది.

అదే వారం ఢిల్లీ నుంచి విమానం వచ్చింది. అందులో దిగింది మన పి.వి. నరసింహారావు గారు. అప్పుడు ఆయన విదేశాంగ మంత్రి. ఇందిరా గాంధీ జయవర్ధనేతో ఫోనులో మాట్లాడి ఆయన్ను పంపారు. పొగ ఇంకా ఆరని నగరంలో, ఒక దేశాధ్యక్షుడు తన పౌరుల క్షేమం గురించి పక్క దేశపు మంత్రికి చెప్పుకోవలసి వచ్చింది. ఇరవై ఏళ్ళ క్రితం ఇదే కొలంబో భారత్, చైనాల మధ్య పెద్దమనిషి. ఇప్పుడు తగవు దాని ఇంట్లో, పెద్దమనిషి ఢిల్లీ నుంచి వస్తున్నాడు. దేశం పరువు ఎంత తగ్గిందో చూపడానికి నాకు ఏ సర్వే అంకెలూ అక్కరలేదు, ఆ విమానం చాలు.

తర్వాతి నష్టాలు త్వరగా చెబుతాను. అమెరికా చిప్పుల కంపెనీలు మోటరోలా, హారిస్ కొలంబో దగ్గరి వాణిజ్య మండలంలో ఫ్యాక్టరీలు పెట్టే ఆలోచన మానుకున్నాయి. ఆ పరిశ్రమతో మలేషియా ఎక్కడికి వెళ్ళిందో మీకు తెలుసు. 1982లో విదేశీ పర్యాటకులు 4 లక్షలు దాటారు, 1987 నాటికి 2 లక్షల లోపుకు పడిపోయారు. అదే 1987లో కొలంబో బస్టాండ్‌లో బాంబు పేలాక న్యూజిలాండ్ క్రికెట్ జట్టు మూట సర్దుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గడ్డ మీద టెస్టు జరిగింది 1992లో.

వీటన్నిటికంటే పెద్దది మనుషులు వెళ్ళిపోవడం. లక్షల మంది వెళ్ళారు. తమిళనాడు, లండన్, పారిస్, టొరంటో. 1986 ఆగస్టులో కెనడా తూర్పు తీరం దగ్గర, అట్లాంటిక్ పొగమంచులో, రెండు లైఫ్ బోట్లలో సుమారు 150 మంది తమిళులు కొట్టుకుపోతుంటే చేపలు పట్టేవాళ్ళు చూసి కాపాడారు. ఆ ఫొటోలు ప్రపంచమంతా చూసింది. శ్రీలంక విదేశాంగ శాఖ ఎన్ని రంగుల కరపత్రాలు అచ్చువేసినా ఆ ఫొటో ముందు నిలుస్తాయా? రాయబారిని ప్రభుత్వం నియమిస్తుంది, మూడేళ్ళకు మారుస్తుంది. తరిమేసినవాణ్ణి మార్చడం ఎవరి వల్లా కాదు. జీవితాంతం, పిల్లల కాలం దాకా, తన దేశం గురించి వాడు చెప్పేదే అక్కడివాళ్ళు వింటారు. ఆ పిల్లలు ఓటర్లయ్యారు, లాయర్లయ్యారు, ఎంపీలయ్యారు. 2022లో కెనడా పార్లమెంటు మే 18ని తమిళ జాతిహత్య స్మృతి దినంగా ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ మాట సరైనదా కాదా అన్నది వేరే చర్చ, దాని మీద పండితులే కొట్లాడుకుంటున్నారు. కానీ ఆ తీర్మానం 1983 జులైలో కొలంబో వీధుల్లోంచి బయలుదేరి, ముప్పై తొమ్మిదేళ్ళు నడిచి ఒట్టావా చేరిందన్నది మాత్రం నిజం.

1984 జూన్‌లో జయవర్ధనే వాషింగ్టన్ వెళ్ళారు. రీగన్‌కు ఒక ఏనుగు గున్నను కానుకగా ఇచ్చారు. రాచమర్యాదలు జరిగాయి. మరి ఆ స్నేహం కష్టకాలంలో ఏమైంది? 1987 జూన్ 4న భారత విమానాలు ఐదు, మిరాజ్ యుద్ధవిమానాల కాపలాతో, అనుమతి లేకుండా శ్రీలంక గగనతలంలోకి వెళ్ళి జాఫ్నా మీద ఆహారం మూటలు జారవిడిచాయి. ఒక సార్వభౌమ దేశం ఆకాశంలోకి చొరబాటు అది. ఏ పెద్ద దేశమూ అడ్డు నిలవలేదు. ఏనుగు ఇచ్చిన స్నేహితుడూ రాలేదు, ఫాక్‌లాండ్స్ ఓటు తీసుకున్న స్నేహితుడూ రాలేదు.

జులై 29న రాజీవ్ గాంధీతో ఒప్పందం మీద సంతకం జరిగింది. దానితో పాటు ఇచ్చిపుచ్చుకున్న ఉత్తరాలు చదవండి. ట్రింకోమలీ రేవును భారత్ ప్రయోజనాలకు విరుద్ధంగా ఎవరికీ వాడుకోనివ్వం, అక్కడి చమురు ట్యాంకులు కలిసి నడుపుదాం, విదేశీ రేడియో కేంద్రాల వ్యవహారం సమీక్షిస్తాం అని అందులో ఉంది. తన పౌరుల్లో ఐదో వంతు కూడా లేని తమిళులతో పంచుకోవడానికి ఇష్టం లేని అధికారాన్ని, చివరకు పొరుగు దేశంతో పంచుకోవలసి వచ్చింది. 1957లో చెల్వనాయకం అడిగింది దీనితో పోలిస్తే ఎంత చిన్నది! అన్నట్టు తమిళాన్ని కూడా అధికార భాషగా ఆ ఒప్పందం తర్వాతే, 1987లో, రాజ్యాంగంలో రాశారు. సింహళం మాత్రమే అన్న 31 ఏళ్ళకు. రాయించింది ఎవరు? అధ్యక్షుడు జయవర్ధనే.

ఇక్కడ మన వైపు చూసుకోకుండా ముందుకు పోతే నేను అబద్ధం చెప్పినట్టే. 1983 తర్వాత మన గూఢచారి సంస్థ తమిళ సాయుధ బృందాలకు మన నేల మీదే శిక్షణ ఇచ్చింది. ఏదీ ధర్మం కోసం కాదు, కొలంబో మెడ వంచడం కోసం. తర్వాత ఆ పులులతోనే మన సైన్యం పోరాడి 1,100 మందికి పైగా జవాన్లను పోగొట్టుకుంది. 1991 మే 21న రాజీవ్ గాంధీ విశాఖపట్నంలో ప్రచారం ముగించుకుని మద్రాసు వెళ్ళి, అక్కడి నుంచి శ్రీపెరంబుదూరు వెళ్ళారు. తిరిగి రాలేదు. ఆ తర్వాత ప్రధాని అయింది 1983లో కొలంబోకు వెళ్ళిన అదే పి.వి. గారు. చీలిన ఇంట్లోకి దూరడం బయటివాడికి సులువే, చేతులు కాలకుండా తిరిగి రావడమే కష్టం. పులుల సంగతి కూడా ఇంతే. వాళ్ళ హత్యలు, పసిపిల్లల చేతుల్లో తుపాకులు, సాటి తమిళ నాయకులనే చంపడం, ఇవన్నీ తమిళుల న్యాయమైన మాటకు బయట వినిపించే గొంతు లేకుండా చేశాయి. జనాన్ని చీల్చే నాయకుడు ఒక వైపే పుట్టడు.

మరి పోయిన పేరును తిరిగి తెచ్చింది ఎవరు? నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది ఇదే.

1994లో చంద్రికా కుమారతుంగ ప్రభుత్వంలో విదేశాంగ మంత్రి అయినవారు లక్ష్మణ్ కదిర్గామర్. తమిళుడు. దేశదేశాలు తిరిగి, శ్రీలంక అంటే 1983 ఒక్కటే కాదని నమ్మించి, పులుల మీద నిషేధాలు తెప్పించారు. 2005 ఆగస్టులో ఇంట్లో ఈత కొలను దగ్గర పులుల తూటాకు బలయ్యారు. రెండోవారు ముత్తయ్య మురళీధరన్. కాండీ కొండల తమిళుడు. 1977 అల్లర్లలో వాళ్ళ కుటుంబపు బిస్కెట్ల ఫ్యాక్టరీని తగలబెట్టారు. ఆ పిల్లవాడే పెరిగి 800 టెస్టు వికెట్లు తీశాడు. 1995 డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో అంపైర్ అతని బౌలింగ్ చెల్లదన్నప్పుడు అతని వెనక నిలబడ్డ కెప్టెన్ అర్జున రణతుంగ, సింహళీయుడు. 1996 ప్రపంచ కప్పుకు ముందు కొలంబోలో బాంబు పేలి ఆస్ట్రేలియా, వెస్టిండీస్ రామంటే, భారత్, పాకిస్తాన్ ఆటగాళ్ళు ఒకే జట్టుగా కొలంబోలో దిగి ఆడారు. ఆ ఉమ్మడి జట్టుకు కెప్టెన్ మన హైదరాబాద్ అజారుద్దీన్. నెల తర్వాత లాహోర్‌లో శ్రీలంక కప్పు ఎత్తింది. ఇలా, ఓట్ల లెక్కలో ఎవరిని తీసివేతలో రాశారో వాళ్ళే దేశం పేరును భుజాన మోశారు.

ఇక్కడ ఒక చిన్న పిట్టకథ చెప్పి తీరాలి. శ్రీలంకలో పాములాడించుకుంటూ తిరిగే అహికుంటకులు అనే చిన్న సంచార జాతి ఉంది. వాళ్ళ ఇంటి భాష తెలుగు. 1815లో బ్రిటిష్‌వాళ్ళు గద్దె దించిన కాండీ చివరి రాజు కూడా మదురై వైపు నుంచి వచ్చిన నాయకర్ వంశంవాడే, ఆ వంశానికి తెలుగు మూలాలు ఉన్నాయి. బౌద్ధ దంతధాతువును కాపాడిన రాజులు వాళ్ళు. అసలైన సింహళం ఏదో, కల్తీ ఏదో తేల్చుతామని బయలుదేరినవాళ్ళకు ఆ ద్వీపంలో కాలు మోపడానికి చోటు దొరకదు.

చివరి ఘట్టం. 2019 నవంబర్‌లో గోటబయ రాజపక్ష గెలిచారు. ప్రమాణ స్వీకారం కొలంబోలో కాదు, అనురాధపురంలో, తమిళ రాజు ఎల్లాళుణ్ణి ఓడించిన దుట్టగామణి కట్టించిన స్తూపం దగ్గర. సింహళ ఓట్లతోనే గెలుస్తానని తనకు ముందే తెలుసని అక్కడే అన్నారు. తర్వాతి ఏడాది కోవిడ్‌తో పోయిన ముస్లింల శవాలను కూడా దహనం చేయాల్సిందే అన్నారు. ఖననం చేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నా వినలేదు. అన్నేళ్ళుగా జెనీవాలోని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలిలో శ్రీలంకను వెనకేసుకొచ్చిన ముస్లిం దేశాల్లో ఇండోనేషియా, బహ్రెయిన్ లాంటివి 2021 మార్చి ఓటింగ్‌లో తటస్థంగా కూర్చున్నాయి. తీర్మానం శ్రీలంకకు వ్యతిరేకంగా 22–11తో నెగ్గింది.

జపాన్ సంగతి ఇంకా బాధాకరం. జపాన్ రుణంతో కొలంబోలో కట్టాల్సిన లైట్ రైలును 2020లో రద్దు చేశారు. భారత్, జపాన్‌లతో కలిసి నడపాల్సిన రేవు టెర్మినల్ ఒప్పందాన్ని 2021 ఫిబ్రవరిలో రద్దు చేశారు. ఇవి జాతి గొడవలు కావు కదా అని మీరు అడగవచ్చు. నిజమే, ఖర్చు లెక్కలు, కార్మిక సంఘాల ఒత్తిడి కూడా ఉన్నాయి. కానీ 'మనవాళ్ళు, పరాయివాళ్ళు' అన్న పాట పాడి గెలిచినవాడికి బయటివాడితో చేసుకున్న ప్రతి ఒప్పందమూ లొంగుబాటులాగే కనిపిస్తుంది. అలా కనిపించకపోయినా, అతని అనుచరులు కనిపించేలా చేస్తారు. జెనీవాలో ఆ మార్చి నెలలో జపాన్ కూడా తటస్థంగానే ఉండిపోయింది. 2022 ఏప్రిల్‌లో శ్రీలంక అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది. జులైలో అధ్యక్షుడు రాత్రికి రాత్రి మాల్దీవులకు పారిపోయారు. తరిమినవాళ్ళలో ఆయనకు ఓటేసినవాళ్ళూ ఉన్నారు. తర్వాత వచ్చిన రణిల్ విక్రమసింఘే, జయవర్ధనేకు మేనల్లుడి వరస, టోక్యో వెళ్ళి ఆ రైలు రద్దుకు విచారం తెలిపి వచ్చారు. అప్పుల వ్యవహారం చూసే దేశాల కమిటీకి జపాన్, భారత్, ఫ్రాన్స్ పెద్దరికం వహించాయి. 1951 నాటి పుణ్యం ఇంకా కొంచెం మిగిలి ఉందనుకోవాలి.

ఏమైనా ప్రశ్నలుంటే అడగండి.

(ముందు వరుసలోని ఒక శ్రోత: "ధమ్మపదం చెప్పిన మనిషి అలా ఎలా మారిపోయాడండి? మొదటిదంతా నటనేనా?")

అదే ప్రశ్న నన్ను చాలా ఏళ్ళు తినేసింది. నటన అని నేను అనుకోను. జపాన్‌వాడి ఓటు ఆయనకు అక్కరలేదు, అందుకని జపాన్‌వాణ్ణి మనిషిగా చూడగలిగారు. జాఫ్నావాడి ఓటు కూడా అక్కరలేదు, కానీ జాఫ్నావాణ్ణి చూపించి భయపెడితే మిగతావాళ్ళ ఓటు వస్తుంది. తేడా అక్కడే ఉందేమో. నాకూ పూర్తిగా అర్థమైందని చెప్పను.

ఒక సంగతి మాత్రం చెబుతాను. శ్రీలంకలో 1961 నుంచి నేత్రదాన సంఘం ఒకటి ఉంది. హడ్సన్ సిల్వా అనే వైద్యుడు మొదలుపెట్టినది. ఊళ్ళలో సామాన్యులు చనిపోతూ ఇచ్చిన కళ్ళను ఐసుపెట్టెల్లో పెట్టి పాకిస్తాన్, జపాన్, ఇంకా ఎన్నో దేశాలకు వేల కొద్దీ పంపింది. 1983లోనూ అది ఆగలేదు. జయవర్ధనే 1996లో పోయినప్పుడు, ఆయన కోరిక ప్రకారం, ఒక కన్ను తన దేశంలో ఇచ్చి, రెండోదాన్ని జపాన్‌కు పంపారు.